మాస్టర్ ఊకొట్టిన ఫైలు

మా డిజైన్ మాస్టర్ పోయారు. కుంభారి బస్సులో నిలబడి ఉండగా కార్ఖానా నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఉండే దాజీ పేట్‌లో దిగాను కానీ ఆయన ఇంటివైపు కాళ్లు సాగలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి?

టవళ్లకూ చద్దర్లకూ గళ్ల కాగితం మీద పువ్వులు గీసి బతికిన మనిషి. ముసలితనంలో కంప్యూటర్ నేర్చుకుని అవన్నీ అందులోకి ఎక్కించారు. నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పని పెట్టిందే.

కొత్త సాఫ్ట్‌వేర్ దించుకుంటే ఊరికే ఎక్కించనిచ్చేవారు కాదు. ప్రతి ఫైలుకూ అరవై నాలుగు అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. లోపల ఒక్క చుక్క మారినా ఆ గుర్తు మారిపోతుంది. మా కంప్యూటర్ చూపించే గుర్తును నేను నాలుగేసి అక్షరాలుగా చదవాలి. ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ సైట్‌లోది చూస్తూ ఆయన "ఊఁ" అనాలి. ఒకరు పోగులు లెక్కపెడుతుంటే ఇంకొకరు ఊకొట్టినట్టే. "మాస్టర్ మంత్రం మొదలైంది" అని మేం నవ్వుకునేవాళ్లం. ఆయన పట్టించుకోకుండా, సరిపోయిన గుర్తునూ చదివినవాళ్ల పేరునూ నోటుబుక్కులో రాసుకునేవారు.

"ఫైలు ఇచ్చినోన్నే గుర్తు అడుగుతవా? దొంగ సామాను మీద చిట్టీ గూడ దొంగనే అంటిస్తడు రా. కంపెనీ దగ్గర్నే జూడాలె" అనేవారు.

దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై ఆయన మంచం పట్టారు. ఆ వారంలోనే నేను ఎవరో పంపిన లింకు నుంచి సాఫ్ట్‌వేర్ ఫైలు దించాను. గుర్తు కూడా ఆ పేజీలోనే ఉంది, సరిపోయింది. అలవాటు కొద్దీ ఆయనకు ఫోన్ చేసి చదివాను. దగ్గుతూనే ఊకొట్టారు.

"దీని గుర్తు ఏడ జూసి కలిపినవ్?"

"కంపెనీ సైట్ల, మాస్టర్."

"బర్, మంచిది. నువ్వు జూసినవంటే సరే. ఎక్కియ్."

ఆ దొంగ ఫైలు దెబ్బకు మర్నాటికి కంప్యూటర్‌లోని ఆయన పువ్వులన్నిటికీ తాళం పడింది. ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. గళ్ల కాగితాలు ఎప్పుడో వానకు తడిసి పాడైపోయాయి. వేరే కాపీ లేదు. చూడటానికి వెళితే, "నా పువ్వులు మంచిగున్నయా?" అని అడిగారు. ఉన్నయన్నాను. నిజం తెలియకుండానే పోయారు. నా అంత పిరికివాడు లేడు.

దినాలయ్యాక వాళ్ల ఇంటామె నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నడు బిడ్డా."

చివరి పేజీలో, ఆయన చేతిరాతతో, నేను ఫోన్‌లో చదివిన ఆ అక్షరాలే నాలుగేసిగా ఉన్నాయి. కింద నా పేరు. పక్కన "అసలుదే" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.