కరెంటెంత తాగుతాది?

మా మంగరాజు మావకి ఏ వస్తువు చూపించినా నోటికొచ్చే ప్రశ్న ఒక్కటే: "ఇది కరెంటెంత తాగుతాది?" పెళ్లి పందిట్లో మైకు సెట్టువాణ్ని అడిగాడు. తీర్థంలో రంగులరాట్నంవాణ్ని అడిగాడు. కాఫీ తోటల ఆఫీసులో రిటైరైన రోజు తోటివాళ్లు మిక్సీ బహూకరిస్తే, పూలదండతో సహా అటకెక్కించేశాడు. పైడితల్లి అత్త ఇప్పటికీ రోట్లోనే పచ్చడి నూరుతుంది. అరకులో ఆయనకి 'పిసినారి మంగరాజు' అనే పేరు స్థిరపడిపోయింది.

అలాంటి మనిషి రెండువేల ఎనిమిది డిసెంబరు చలిలో, మంకీ క్యాపు పెట్టుకుని నా కంప్యూటర్ షాపుకొచ్చాడు. ముసలమ్మలు పాడిన థింసా పాటలు టేపుల్లో ఉన్నాయట, అవి పాడైపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలట.

నేను ఉత్సాహం పట్టలేక, ఉన్నవాటిలోకెల్లా గట్టి ప్రాసెసరున్న పెట్టె ఆన్ చేశాను. ఫ్యాను గుయ్యిమంది. మావ చెవి ఆనించి విన్నాడు.

"ఏరా భాస్కరూ, కంప్యూటరడిగితే పిండిమర సూపిత్తన్నావేటి?"

"స్పీడు మావా! మెరుపే!"

"పాటలినడానికి మెరుపెందుకురా? కరెంటెంత తాగుతాది?"

చెప్పాను. గుండె పట్టుకున్నాడు.

అప్పుడే కొత్తగా దిగిన చిన్న ప్రాసెసర్ బోర్డు తీశాను. బొటనవేలి గోరంత చిప్పు, దాని మీద ఫ్యాను కూడా లేదు. "కాస్త నిదానం మావా. కానీ ఇది కరెంటు తాగదు, చప్పరిస్తుంది."

"రెండూ మా ఇంటికట్టుకురా. అక్కడ సూత్తాను."

"కరెంటు ఎక్కడైనా కరెంటే కదా!"

"నీకేటి తెలుసురా? అట్టుకురా!"

నా ఖర్మ అనుకుంటూ సాయంత్రం రెండూ మోసుకెళ్లాను. పెద్దది ఆన్ చేయగానే మావ తెర వంకైనా చూడకుండా పెరట్లోకి పరుగెత్తాడు. "ఆపు, బేగి ఆపు!" అని అక్కణ్ణించి ఒకటే కేక. చిన్నది పెట్టాను. కంప్యూటర్ చప్పుడు లేదు, మావ చప్పుడూ లేదు. ఆన్ అయిందో లేదో నాకే అనుమానం వచ్చింది. బయటికెళ్లి చూస్తే, పల్లంలో చివరింటి బల్బుకేసి చూస్తూ మావ నవ్వుతున్నాడు.

"ఇదే కాయం," అన్నాడు.

పైడితల్లి అత్త గుట్టు విప్పింది. "మా తీగే ఆకరికి ఆ కనక ఇంటికెల్తాది బాబూ. ఇక్కడ బరువైందేటేసినా అక్కడ బల్బు మసకైపోతాది. ఆ బల్బు కింద గంపలో కోడిపిల్లలున్నాయి. ఈ సలికి ఆ ఏడి తగ్గిందా, ఒక్కటీ మిగల్దు. మొగుడు పోయాక దానికవే ఆదారం."

"ఆ మాట కనకకి చెప్పొచ్చు కదత్తా? ఊరంతా మావని పిసినారంటున్నారు."

మావ కసిరాడు. "సెబితే, మనం మిక్సీ ఏసుకోవాలని ఆ గుంట తన బల్బార్పేత్తాదిరా! నోర్మూసుకో."

నాకాయన్ని గట్టిగా కౌగిలించుకోవాలనిపించింది. తిడతాడని ఊరుకున్నాను.

ఉగాది ముందు కనక నా షాపుకొచ్చింది, చంకలో నిగనిగలాడే కోడిపెట్ట.

"పిల్లలన్నీ బతికాయి బాబూ. దీన్ని మంగరాజు బాబుకిచ్చెయ్యి. పాపం మహా పిసినారి, కోడిని కొనుక్కుని తినడు."

మావ 'నోర్మూసుకో' అన్నది గుర్తొచ్చింది. "అవునమ్మా, మహా పిసినారి. నువ్వే ఇవ్వచ్చుగా?"

"అమ్మో, ఆయనేటడుగుతాడో నాకు తెల్దేటి? దీనికి కరెంటక్కర్లేదని నువ్వే సెప్పు!"