మొసలి ఇంటికి పోయి ఏం చెప్పింది

మా పెరటి గోడకు అవతల పహిల్వాన్ చాచా తాలీంఖానా ఉండేది. పొద్దున ఎర్రమట్టిలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పేవాడు, సాయంత్రం ఊళ్లోవాళ్ల ఎముకలు సరిచేసేవాడు. ధూల్‌పేటలో గణపతుల మట్టి తొక్కుతూ జారిపడ్డవాళ్లు, బహదూర్‌పురాలో ఎద్దుబండి మీది నుంచి పడ్డవాళ్లు, అందరూ ఆయన దగ్గరికే. పందొమ్మిది వందల ముప్పైల చివరి రోజులవి. పాతబస్తీలో మావంటి వాళ్లకు ఎముకల వైద్యుడంటే పహిల్వానే. నేను గోడెక్కి కూర్చుని అదంతా చూసేదాన్ని. ఆరేళ్ల పిల్లకు అంతకంటే మంచి తమాషా ఏముంటుంది?

పిల్లల విషయంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. దెబ్బ తగిలిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుని, మెల్లగా నూనె రాస్తూ కథ చెప్పేవాడు. అందరికీ తెలిసిన కథలే, ఆయన నోట్లో పడితే మాత్రం తలకిందులయ్యేవి. మొసలి పెళ్లానికి కోతి గుండె కావాలి కదా. నది మధ్యకు వచ్చాక మొసలి ఆ సంగతి చెప్పగానే కోతి నెత్తి కొట్టుకుని, "అయ్యో భాయ్, ముందుగాల జెప్పొద్దా? గుండె పొద్దుగాలనే చాకలికేసిన!" అనేది. పిల్లవాడు పకపకా నవ్వేవాడు. సరిగ్గా ఆ నవ్వులోనే చాచా టక్కున లాగేవాడు. నవ్వు సగంలో కేకైపోయేది. తాబేలు కథలోనూ ఇదే తంతు. కర్రను నోట కరచుకుని రెండు హంసల మధ్య ఎగిరిపోయే తాబేలుకు, చార్మినార్ మీదికి రాగానే కింది నుంచి కబాబుల వాసన తగిలేది. "నాకు రెండు, మసాలా ఎక్కువెయ్!" అని నోరు తెరిచేది. పిల్లలు నవ్వేవాళ్లు, వెంటనే అరిచేవాళ్లు.

ఏ కథలో ఏ మాట దగ్గర లాగుతాడో నాకు కంఠతా వచ్చేసింది. ఒకరోజు ఆ గోడ మీది నుంచే పడ్డాను. కుడి మోచెయ్యి నా కింద పడింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరి దగ్గరికి తీసుకుపోతారో నాకు బాగా తెలుసు. రెండు రోజులు ఆ చెయ్యిని లంగా మడతల్లో దాచుకు తిరిగాను. చివరికి ఎడమచేత్తో అన్నం కలుపుతుంటే అమ్మ పట్టుకుంది. అప్పటికే మోచెయ్యి బూరెలా పొంగింది, వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. అమ్మ లబోదిబోమంది. బెల్లం దుకాణం నుంచి అప్పుడే వచ్చిన బాపు చెప్పులైనా విప్పకుండా నన్ను ఎత్తుకుని తాలీంఖానాకు నడిచాడు.

చాచా చెయ్యి తడిమి చూసి మొహం ముడుచుకున్నాడు.

"కీలు తప్పింది సేఠ్. ఇయ్యాల ఎక్కియ్యకుంటే గిట్లనే గట్టిపడ్తది. బువ్వ నోటికాడికి రాదు, జడ ఏసుకోరాదు."

"లాగుండ్రి పహిల్వాన్ సాబ్, నేను గట్టిగ వట్టుకుంట," అన్నాడు బాపు.

"బలంతోని అయ్యే పని గాదు. బిడ్డ బిగబట్టిందంటే నరమన్న తెగుతది, బొక్కన్న ఇరుగుతది. కండ వదులు గావాలె. నవ్వుతది గదా, గప్పుడు లాగుత."

అది విని నేను పెదవులు బిగించుకున్నాను. నవ్వకపోతే లాగడు, లాగకపోతే నొప్పి ఉండదు. నా తెలివి అంతవరకే పోయింది. బువ్వ నోటికి రాకపోతే అమ్మే తినిపిస్తుంది.

కోతి కథ మొదలైంది. చాకలి మాట వచ్చేసరికి భుజం నుంచి వేళ్ల దాకా కట్టెలా బిగుసుకున్నాను. ఆయన వేళ్లకు అది తెలిసిపోయింది, లాగలేదు. తాబేలు వచ్చింది, కబాబులు వచ్చాయి. చుట్టూ ఉన్న కుర్ర పహిల్వాన్లు నవ్వారు, నేను నవ్వలేదు. తర్వాత నక్క వచ్చి ద్రాక్షగుత్తి కోసం ఎగిరెగిరి పడి, నడుం పట్టుకుని, "పుల్లగున్నయ్, తొక్కుకు గూడ పనికిరావు," అంది. నాకు లోపల కితకితలు పెట్టినట్టయింది. పెదవి కొరుక్కుని ఆపుకున్నాను.

ఎవరో కందీలు వెలిగించారు. "ఒక్కసారి నవ్వు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత," అని అమ్మ ఏడుస్తూ బతిమాలింది. అట్లా ఏడుస్తూ నవ్వమంటే ఎవరికి నవ్వొస్తుంది?

చాచా నుదుటి చెమట తుడుచుకున్నాడు. "దీనికి నా కథలన్నీ ఎరుకే సేఠ్. గోడెక్కి ఇన్నది. నా తాన కొత్తయి లెవ్వు."

కొండంత మనిషి గొంతులో భయం వినబడింది. ఆయన వల్లే కాకపోతే నా చెయ్యి ఇక ఇంతేనా అని భయమేసింది. అయినా లాగించుకోవాలంటే అంతకంటే భయం. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, ఆ గుణం అప్పటి నుంచే ఉంది.

"నువ్వు తప్పు చెప్తున్నవ్ చాచా. కోతి కథ గిట్ల గాదు," అన్నాను.

"అయితే నువ్వే జెప్పు."

నవ్వితే ఒళ్లు వదులవుతుందని ఆయనే అన్నాడు కదా. ఆయన్నే నవ్విస్తే ఆయన పట్టే వదులవుతుంది, నేను ఒక్క ఉదుటున ఇంటికి పారిపోవచ్చు. అంతకంటే గొప్ప ఉపాయం లోకంలో లేదనుకున్నాను.

"ఒక మొసలి ఉండె," అని మొదలుపెట్టాను. "మస్తు పెద్ద పహిల్వాన్. ఇంతింత మీసాలు. నదిల ఉన్న మొసళ్లన్నిటిని ఎత్తి పడేసింది. ఏనుగొచ్చినా ఫికర్ లేదు, పులొచ్చినా ఫికర్ లేదు. గనీ ఇంట్లకెళ్లి ఒక్క పిలుపొస్తే..."

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాచా ఇల్లు తాలీంఖానాకు ఆనుకునే ఉండేది, మధ్యలో గోనెపట్టా పర్దా. ఆ పర్దా వెనక నుంచి ఆయన భార్య, మా చాచీ, ఆయన్ని రోజూ ఎట్లా పిలుస్తుందో గోడ మీద కూర్చునేదాన్ని, నాకు తెలియదా? ముక్కుతో, అచ్చం ఆమెలాగే అరిచాను.

"అజీ, కాఁ మర్ గయే, ఏడ సచ్చిన్రు? మసాలా నూరి గంటైంది, గుండె ఏది?"

నేను ఆగలేదు.

"మొసలి నీళ్లల్లనే గజగజ వణికింది. కోతి కాళ్లు వట్టుకున్నది. 'అన్నా, నీ గుండె ఇయ్యకుంటె ఇయ్యకు. జర నా ఎంబడి ఇంటిదాంక రా. లేదన్న ముచ్చట నువ్వే జెప్పు ఆమెకు!' అన్నది."

ముందు నవ్వింది పర్దా వెనకున్న చాచీయే. తర్వాత కుర్రాళ్లు. చాచా మీసాలు అదిరాయి, పొట్ట అదిరింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత లావు మనిషి అట్లా ఊగిపోతుంటే, అదంతా నా మాటకేనని పొంగిపోయి, పారిపోవాలన్న సంగతే మరిచి నేనూ పడీ పడీ నవ్వాను.

టక్కుమంది.

నా కేక మా వీధి చివరిదాకా వినబడిందని అమ్మ తర్వాత చాలా ఏళ్లు చెప్పుకునేది. నొప్పి సరే, మోసపోయానన్న మంట దాన్ని మించింది. నా కథ ఎవరికీ నచ్చలేదు, చెయ్యి లాగడం కోసం అందరూ నవ్వు నటించారనుకున్నాను. ఆ అవమానం తట్టుకోలేక, "నువ్వు ఉత్తుత్తగ నవ్వినవ్!" అని చాచా మీద విరుచుకుపడ్డాను.

ఆయన పర్దా వైపు ఓసారి చూసి, నా మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి మొసలి ఇంటికి పోయి ఏం జెప్పింది బేటీ?"

ఆయన కళ్లలోకి చూశాను. నన్ను ఊరుకోబెట్టడానికి అడుగుతున్నది కాదది. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. నా ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది.

"జెప్త. గనీ ముందుగాల నా చెయ్యి ఇడువు," అన్నాను ఎక్కిళ్ల మధ్య.

"నేనిడిచి శానసేపైంది," అన్నాడు చాచా. "నువ్వే వట్టుకున్నవ్."

తల దించి చూశాను. ముడుచుకోవడం మానేసిన నా వేళ్లు ఆయన బొటనవేలిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.