ఈశాన్యం గేటు

మా అపార్ట్‌మెంటు స్విమ్మింగ్ పూల్ బాధ్యత అసోసియేషన్ వాళ్లు నాకు అప్పగించింది నాకు ఈత వచ్చని కాదు. రాదు. రిటైరై ఇంట్లో కూర్చున్నానని, గట్టిగా అరవగలనని. ఫిల్మ్ నగర్‌లో మా బిల్డింగు నిండా ఏదో రకంగా సినిమావాళ్లే. ఇంకొకరు చెబితే వినే అలవాటు వాళ్లకి తక్కువ. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి వచ్చినదాన్ని కనుక భయపడలేదు.

మొదట బోర్డు రాయించాను. స్నానం చేసి దిగాలి. తలకు నూనెతో దిగకూడదు. గట్టు మీద పరుగెత్తకూడదు. ఉరుములు వస్తే బయటికి రావాలి. పిల్లలు పెద్దవాళ్లు లేకుండా రాకూడదు. గేటు ఎప్పుడూ మూసే ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకకూడదు, గేటు పక్కన తగిలించిన పొడవాటి కర్ర అందించాలి. కుర్రాళ్లు ఆ బోర్డు ముందు నిలబడి ఫొటోలు దిగారు. చదివినట్టు దాఖలా లేదు.

ఆ గేటు నైరుతి మూల ఉండేది. దాటగానే లోతు తక్కువ వైపు. మా మనవరాలు నిలబడితే నీళ్లు ఛాతీ దాకా వస్తాయి. అక్కణ్ణుంచి వాలుగా పోయి ఈశాన్యం మూలకు నా తల కూడా మునిగే లోతు. ఈశాన్యం పల్లంగా ఉండాలని బిల్డరు అలా కట్టించాడు. అంతవరకు వాస్తుతో నాకు పేచీ లేదు. మా అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు వెళితే మనవరాలు నా దగ్గరే ఉంటుంది. ఆరేళ్లది, ఈత రాదు. గేటు దాటగానే తువ్వాలు విసిరేసి, ధబ్బున దూకి, లేచి నిలబడి నన్ను చూసి నవ్వడం దాని అలవాటు. దూకొద్దని చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

నాలుగో అంతస్తులో ఒక నిర్మాత ఉండేవాడు. కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు, నన్ను అక్కయ్యగారూ అని పిలిచేవాడు. మా బిల్డింగులోకి వచ్చాక ఆయన సినిమాలు వరసగా రెండు పోయాయి. ఆ రెండూ చూసినదాన్ని కనుక నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఆయన మాత్రం వాస్తు పంతులుగారిని తీసుకొచ్చాడు. పంతులుగారు బిల్డింగంతా తిరిగి, దోషం ఫ్లాటులో లేదు, పూల్ గేటులో ఉందని తేల్చారు. నైరుతి గేటు మూసేసి ఈశాన్యంలో తెరవాలి. పగలంతా దాన్ని తెరిచే ఉంచాలి.

మీటింగులో నా గొంతు ఉన్నంతా వాడాను. "గేటు దాటగానే లోతండీ! వీధి గుమ్మం ముందు నుయ్యి తవ్వుకున్నట్టుంటుంది. పిల్లలున్న బిల్డింగు ఇది."

"మీరు లెక్కలవారు, మీకు నమ్మకాలుండవు," అన్నాడాయన నెమ్మదిగా. "నాకు మూడో సినిమా రిలీజుకుంది అక్కయ్యగారూ. ఇది కూడా పోతే నేనిక ఈ ఊళ్లో ఉండలేను. మీరు ఎంత పెద్ద బోర్డు పెట్టమంటే అంత పెద్దది నేనే రాయిస్తానండీ."

చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తారు. ముహూర్తం చూడనిదే కొత్త చెప్పులు కూడా తొడగని మనుషులు మరి. రాజీనామా చేస్తానన్నాను. వద్దన్నారు. ఆ ఆలోచన మానేశాను.

కొత్త గేటు వచ్చింది, పక్కనే ఎర్ర అక్షరాలతో 'లోతు ఎక్కువ, జాగ్రత్త' అని బోర్డూ వచ్చింది. నేను కిందికి దిగినప్పుడల్లా గేటు మూయడం, నేను పైకెక్కగానే అది తెరుచుకోవడం. వాచ్‌మన్‌ని పట్టుకుని అడిగాను.

"నేనేం జెయ్యాలమ్మా? సారేమో తెరిచే ఉంచుమంటడు, మీరు మూయమంటరు. ఎవల మాట ఇనాలె?" అన్నాడు. అతనన్నదీ నిజమే.

సినిమా రిలీజు శుక్రవారం. ఆ మంగళవారం బడికి సెలవు. జ్వరం వచ్చి తగ్గిన మనవరాలిని గేటు మారాక పూల్‌కు తీసుకెళ్లడం అదే మొదలు. గేటు లోతు వైపుకి మారిందని, నా చెయ్యి వదలకూడదని లిఫ్టులోనే చెప్పాను. తలూపింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది. గేటు బార్లా తెరిచి ఉంది. తువ్వాలు విసిరేసింది. ధబ్బుమని చప్పుడు వినిపించింది. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి అది లేచి నిలబడలేదు. నీళ్ల మీద జుట్టు ఒక్కటే కనిపించింది.

కర్ర పాత గేటు దగ్గరే ఉండిపోయింది. గేటు మార్చినవాళ్లు కర్రను మార్చలేదు. గట్టు మీద పరుగెత్తకూడదని రాయించిన నేనే అరుచుకుంటూ దానికోసం పరుగెత్తాను. సగం దూరంలో వెనక ఇంకో పెద్ద చప్పుడైంది. పూల్ పక్క కుర్చీలో ఫోను మాట్లాడుతున్న నిర్మాత చొక్కా, ప్యాంటుతోనే దూకాడు. కాలవలో ఈత నేర్చిన మనిషి. పిల్లను ఎత్తి గట్టు మీద పెట్టాడు. అది దగ్గింది, నీళ్లు కక్కింది, తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

ఆయన కారులోనే ఆసుపత్రికి వెళ్లాం. దారంతా ఆయన్ని తిట్టాను. "మీ సినిమా ఆడటానికి నా పిల్ల మునగాలా?" అన్నాను. ఇంకా అనరానివి కూడా అన్నాను. బతికించిన మనిషినే తిట్టాను, తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. ఆయన తడిబట్టలతోనే కారు నడిపాడు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోలేదని రూఢి చేసుకుని డాక్టరు సాయంత్రం ఇంటికి పంపాడు.

మర్నాడు పొద్దున కింద తాపీ చప్పుడు వినిపిస్తే దిగి వెళ్లాను. ఈశాన్యం గేటు పీకేసి ఉంది. మేస్త్రీ ఆ సందులో ఇటుకలు పేరుస్తున్నాడు. నిర్మాత పక్కనే నిలబడి చేయిస్తున్నాడు. నైరుతి గేటు మళ్లీ తెరిపించాడు.

నాకు కోపం దిగిపోయింది. "రిలీజు రెండు రోజుల్లో ఉంది కదండీ. తాళం వేస్తే సరిపోయేది," అన్నాను.

"తాళంచెవి నా దగ్గరే ఉంటుంది అక్కయ్యగారూ," అన్నాడాయన. "శుక్రవారం పొద్దున నా చెయ్యి ఊరుకోదు. గోడే కట్టాలి."

శుక్రవారం ఉదయం నేను గుడికి వెళ్లి ఆ సినిమా పేరున కొబ్బరికాయ కొట్టాను. ఎవరికీ చెప్పలేదు. సినిమా సోమవారానికే హాళ్లలోంచి వెళ్లిపోయింది. నెల తిరక్కుండా ఆయన ఫ్లాటు బేరం పెట్టాడు.

సామాన్లు సర్దుతున్న రోజు పైకి వెళ్లాను. గేటుకూ సినిమాకూ సంబంధం లేదని, ఆ కథ ఏ దిక్కున గేటు పెట్టినా ఆడేది కాదని, అనవసరంగా మనసులో పెట్టుకోవద్దని చెప్పి ఓదార్చాలనుకున్నాను. వాక్యాలు కూడా కూర్చుకుని వెళ్లాను.

నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు, "గేటు మూస్తే సినిమా ఆడదని నాకు తెలుసండీ. తెలిసే మూయించాను. పాప ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాను. ఆయన ఎత్తబోతున్న అట్టపెట్టె రెండో వైపు పట్టుకున్నాను.