హాస్యం జక్రయ్య అడిగిన ప్రశ్న

పర్చూరు చుట్టుపక్కల హాస్యం జక్రయ్య అంటే చాలు, ఇంకో ఆనవాలు అక్కర్లేదు. వాళ్ల బుర్రకథ దళంలో కథ చెప్పేది బుల్లయ్య. తంబురా భుజానేసుకుని అతను గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, జక్రయ్య పక్కన డక్కీ వాయిస్తూ, ఏమీ తెలియని మొహం పెట్టి అడ్డమైన ప్రశ్నలూ వేసేవాడు. "కోట చుట్టూ కందకం ఉందంటివి, కందకమంటే ఏంది బావా?" అనేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వుకున్నవాళ్లలో సగం మందికి కందకమంటే ఏమిటో అప్పటిదాకా తెలియదు. అడగడానికి సిగ్గు. వాళ్ల తరఫున వెర్రివాడైనందుకే జక్రయ్యకు ముప్పయ్యేళ్లు అన్నం దొరికింది.

ఇంటింటికీ టీవీ వచ్చాక బుర్రకథ మూలపడింది. బుల్లయ్య కాలం చేశాడు. జక్రయ్య కొడుకు ప్రభుదాసును వెంటబెట్టుకుని పత్తి చేలల్లో కూలికి పోవడం మొదలెట్టాడు.

ఓ ఏడు పత్తికి పురుగు విరగబడింది. మందుల కంపెనీవాళ్లొకళ్లు ఊళ్లో టెంటు వేసి, అందరికీ కూల్‌డ్రింకులిచ్చి మీటింగు పెట్టారు. టై కట్టిన కుర్రాడొకడు జాగ్రత్తలన్నీ గడగడా అప్పజెప్పి, "అర్థమైందా?" అన్నాడు. అయిందన్నారు అందరూ. నలుగురిలో లేచి నాకర్థం కాలేదనే మగాడు మా వైపు ఇంకా పుట్టలేదు. ప్రభుదాసు కూడా తలూపాడు. జక్రయ్యకు మాత్రం ఒక ప్రశ్న నోటిదాకా వచ్చింది. మందు కొడుతుంటే పంపు నాజిలుకి నలుసు అడ్డం పడుతుంది. అందరూ దాన్ని విప్పి నోటితోనే ఊదుతారు. అది చెయ్యొచ్చా, చెయ్యకూడదా? అడుగుదామనుకుని చుట్టూ చూశాడు. ముందు వరసలో పెద్ద రైతులు కూర్చున్నారు. కూలివాడు నోరు తెరిస్తే నవ్వుతారేమోనని ఊరుకున్నాడు. జనాన్ని నవ్వించి బతికిన మనిషి, వేదిక మీద లేకపోయేసరికి నవ్వుకు జంకాడు.

ఆ పంటలోనే ప్రభుదాసు పోయాడు. పొద్దస్తమానం ఎండలో మందు కొట్టాడు, నాజిలు అడ్డం పడ్డప్పుడల్లా విప్పి ఊదాడు. చీకటి పడేసరికి నోటి వెంట నురగ వచ్చింది. గుంటూరు తీసుకెళ్లినా దక్కలేదు. పెళ్లయి ఏడాదైనా తిరగలేదు. చేతికందొచ్చిన కొడుకుని మట్టిచేసి వచ్చిన తండ్రి దుఃఖం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఆ తర్వాత జక్రయ్య ఎవర్నీ ఏమీ అడగడం మానేశాడు. తోటి కూలీలు పరాచికాలాడినా వినీ విననట్టే ఉండేవాడు.

ఆరేళ్లు గడిచాయి. అప్పటికి ఊళ్లల్లోకి ఇంటర్నెట్ కేంద్రాలొచ్చాయి. రైతులు కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకునే పాఠాలు గుంటూరులో ఒక ఆఫీసు తయారుచేస్తోంది. మందు కొట్టేటప్పటి జాగ్రత్తల పాఠం శ్రీరమ్య అనే అమ్మాయి చేతికొచ్చింది. ఇంజనీరింగ్ చదివింది, పని మీద శ్రద్ధ ఉన్న పిల్ల. పాపం, పాఠాన్ని పర్చూరు కేంద్రంలో పెట్టి చూస్తే సగంలోనే రైతులు టీకి లేచిపోయారు. ఎవరో జక్రయ్య పేరు చెబితే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, కేంద్రానికి తీసుకెళ్లి చూపించింది.

"అన్నీ చెప్పాం జక్రయ్యగారూ. అయినా కూర్చోవడం లేదు."

"అన్నీ చెప్పారు, అదే తంటా. ఒక్క ఊపిరిలో ఇన్ని కుమ్మరిస్తే ఏదని పట్టుకుంటారు అమ్మాయిగారూ? ఒకటి చెప్పి ఆగాల. డబ్బా మూత తీసేకాడ మొదలెట్టి, రైతు పని ఎట్టా సాగుద్దో పాఠమూ అట్టాగే సాగాల. చెప్పేవాడికి తోడు అడిగేవాడొకడు కావాల, లేకపోతే నిద్రొస్తది."

"చివర్లో అర్థమైందా అని అడుగుతున్నాం కదండీ."

"అది మాత్రం అడగబాకండి. అయిందనే అంటారు. ఇప్పుడు నువ్వేం జేస్తావు అని అడగండి. తప్పు చెబితే కసురుకోకుండా, ఎందుకు తప్పో చెప్పండి."

శ్రీరమ్య పాఠమంతా తిరగరాసింది. అడిగేవాడి గొంతు జక్రయ్యదే కావాలంది. అతను ఒప్పుకుని, ఒకే ఒక్కటి కోరాడు: నాజిలు సంగతి తనచేత అడిగించాలి. ఎందుకో అతను చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

గోడలకు బొంతలు వేలాడదీసిన గదిలో రికార్డింగ్. మిగతావన్నీ జక్రయ్య అవలీలగా చెప్పేశాడు. నాజిలు దగ్గరికొచ్చేసరికి మాట చప్పగా వచ్చింది. "కొంచెం సరదాగా చెప్పండి" అంది శ్రీరమ్య. అతను కండువాతో మొహం తుడుచుకుని, పాత వెర్రిమొహం తెచ్చిపెట్టుకున్నాడు. "నాజిలు మూసుకుపోయింది బావా, పీకి నోటితో ఉఫ్ఫని ఊదేదా?" అన్నాడు. గదిలో అందరూ గొల్లున నవ్వారు. జక్రయ్య ఆ నవ్వులో కలవలేదు. అయినా నవ్విన మాట మర్చిపోరని అతనికి తెలుసు. ఇక ఏ ఊళ్లోనూ ఎవరూ ఊదరని ఆశపడ్డాడు.

పర్చూరులో పాఠం మొదలెట్టిన రోజు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. రైతులు కదలకుండా చూశారు, అతని ప్రశ్నలకు నవ్వారు కూడా. మందు కలపడం అయింది, మాస్కు అయింది, గాలివాటం అయింది. నాజిలు రాలేదు. చివర్లో వస్తుందేమోనని ఓపిగ్గా కూర్చున్నాడు. ధన్యవాదాలు అని వచ్చి పాఠం ఆగిపోయింది.

శ్రీరమ్య తల వంచుకుని దగ్గరికొచ్చింది.

"పాఠం పొడవైతే ఇక్కడి నెట్‌కి ఆగిపోతోందండి. ఏదో ఒకటి తగ్గించమన్నారు. హైదరాబాద్‌లో చూసిన పెద్దవాళ్లు నాజిలు ముక్కే తీసేయమన్నారు. అంత తెలివితక్కువ పని ఏ రైతూ చెయ్యడట, వెక్కిరించినట్టుంటుందట. నేను చెప్పి చూశాను, వినలేదు."

ఊరూరా జనం జక్రయ్యను తెలివితక్కువవాడనుకుని నవ్వితే అది అతని వృత్తి, ఏనాడూ నొచ్చుకోలేదు. ఇప్పుడా మాట పడింది తన మీద కాదు.

"మావాడు ఊదాడు అమ్మాయిగారూ," అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. తెలిసేలా అతను నాలుగు ముక్కల్లో చెప్పాడు, టెంటు దగ్గర్నుంచి గుంటూరు దాకా. ఆరేళ్లలో బయటివాళ్లకు చెప్పడం అదే మొదలు. శ్రీరమ్య బల్ల మీద కూలబడి ఏడ్చేసింది. రేపే మళ్లీ రాస్తానంది, ఎలాగైనా పెట్టిస్తానంది. జక్రయ్య కండువా భుజాన వేసుకుని లేచాడు.

"రాయండమ్మా. రాసేటప్పుడు ఇది కూడా రాయండి. మా ప్రభుదాసు తెలివితక్కువోడు కాదు. ఆ మీటింగులో వాడి పక్కనే కూర్చున్నా. అడగాల్సినోణ్ణి నేను. అడగలా."