ఊపిరి వినిపించని కంప్యూటర్

మా తాతయ్య చెవుల సంగతి మీకు తెలియదు. పక్క వీధిలో చీమ తుమ్మితే ఏ స్వరంలో తుమ్మిందో చెప్పేస్తాడు. చెప్పి ఊరుకోడు, అర స్వరం తగ్గిందని ఆ చీమను పిలిపించి మళ్లీ తుమ్మిస్తాడు. మా ఇంటికొచ్చే దోమలు ముందు వీధి దీపం కింద బాగా సాధన చేసుకుని గానీ గుమ్మం దాటవు. నమ్మకం కుదరకపోతే వచ్చి మా కాలింగ్ బెల్ నొక్కి చూడండి. అది పియానోతో కలవడం లేదని దాన్ని విప్పి, ఆకురాయితో అరగదీసి, శ్రుతిలో పెట్టిన మనిషి ఆయన.

ఆయన పనే అది, పియానోలు శ్రుతి చేయడం. తీగలు బిగించే తాళం, ఫెల్టు పట్టీలు, చిన్న టార్చి వేసుకున్న తోలుసంచి భుజాన తగిలించుకుని బళ్లకూ హాళ్లకూ హోటళ్లకూ తిరుగుతాడు. పియానోలో చాలా స్వరాలకు రెండేసి మూడేసి తీగలుంటాయి. అవి అచ్చంగా ఒకేలా పలకాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా మోత నిలకడగా ఉండదు, ఉయ్యాలలా లేస్తూ పడుతూ ఉంటుంది. ఆ ఊగడం ఆగేదాకా తాళం తిప్పుతూనే ఉండాలి. పని అయ్యాక, కుదిరిందో లేదో చూసుకోవడానికి తాతయ్య తన సొంత వరస ఒకటి వాయిస్తాడు. అలా ఊళ్లోవాళ్ల పియానోల మీద వాయించి వదిలేసిన వరసలు ఆయన బుర్రలో బోలెడున్నాయి. ఒక్కటీ రికార్డు కాలేదు.

"ఇంట్లో పియానో ఉంది, నువ్వున్నావు, ఇంకేం కావాలి?" అని నా లాప్‌టాప్ తీసుకెళ్లి పియానో ఉన్న వెనక గదిలో పెట్టాను. ఆయన వాయించడం మొదలుపెట్టిన కాసేపటికే దాని ఫ్యాను గొంతెత్తింది. తాతయ్య ఆపి, భోజనాల దగ్గర ముక్కు చీదిన చుట్టాన్ని చూసినట్టు దాన్ని చూశాడు.

"దీనికి ఆయాసమా?"

"వేడెక్కితే అంతే తాతయ్యా."

"వాయించేది నేనైతే వేడెక్కేది అదా?"

ఆ పూటే తేల్చేశాడు. ఊపిరి వినిపించని కంప్యూటర్ తానే తయారు చేసుకుంటాడట. అమ్మమ్మ కూర తరుగుతున్న కత్తి ఆపింది.

"మొన్న కుక్కర్ పిడి బిగించమంటే మనిషిని పిలిచారు కదండీ?"

"కుక్కర్ పాటలు పాడదు కదా. దానిమీద నాకు ఆసక్తి లేదు."

విడిభాగాలమ్మే షాపతను ఓపికగల మనిషి కాబట్టి సరిపోయింది. "ఏ గేములు ఆడతారు సార్?" అని అడిగాడు పాపం.

"ఆడను. వాయిస్తాను."

"అయితే ఈ డబ్బా చూడండి. లోపల రంగురంగుల లైట్లు వెలుగుతాయి."

"లైట్లు చప్పుడు చేస్తాయా?"

"చెయ్యవు సార్."

"అయితే వాటితో నాకు గొడవ లేదు."

ఉన్న ఫ్యాన్లన్నీ ఒక్కొక్కటే తిప్పించుకుని విన్నాడు. "ఇది ముక్కుతో పాడుతోంది. ఇది పళ్లు కొరుకుతోంది. ఇదేంటి, ఎవరితోనో దెబ్బలాడి వచ్చిందా?" చివరికి పళ్లెమంత వెడల్పున్న నెమ్మదైన ఫ్యాను ఒకటి చేతికొచ్చాక, "ఇది మర్యాదస్తురాలు" అని పక్కన పెట్టాడు. కంప్యూటర్ నడవడానికి అసలు చప్పుడే లేని చిప్పు డిస్కు ఇచ్చారు. పాటలు దాచుకోవడానికి కూడా అదే రకంలో పెద్దది తీసుకోమన్నాడు షాపతను. అక్కడ మాత్రం తాతయ్య మొండికేశాడు.

"దాచుకోవడానికి పాతకాలపు తిరిగే డిస్కులే ఇవ్వు బాబూ. రెండు కావాలి. ఒకే రకం, ఒకే సైజు, కవల పిల్లల్లా ఉండాలి. ఒకే స్వరానికి రెండు తీగలున్నాయనుకో, ఒకటి తెగినా రెండోది పలుకుతుంది."

"తిరిగేవి కదా సార్, కాస్త మోత..."

తాతయ్య ఒకదాన్ని తిప్పించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "పాపాయి నిద్రపోతున్నట్టుంది. కట్టేయ్."

భోజనాల బల్ల మీద మొదలైంది కట్టుడు. మేము ముగ్గురం పళ్లేలు ఒళ్లో పెట్టుకుని తినాల్సి వచ్చింది. తాతయ్య కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టి, టార్చి నోట్లో పెట్టుకుని, బోర్డు మీద ప్రాసెసర్‌ను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు. దాని మీద రాసే బూడిద రంగు పేస్టు అమ్మమ్మ చీర కొంగుకు అంటింది. అదెలా అంటిందో నన్నడగొద్దు. అంతా బిగించి, మీట నొక్కితే, ఉలుకూ లేదు పలుకూ లేదు.

"ప్లగ్గు పెట్టారా?" అంది అమ్మమ్మ.

"నాకు తెలీదా?" అన్నాడు తాతయ్య. తర్వాత, మేమిద్దరం వేరేవైపు చూస్తుండగా, వెళ్లి పెట్టాడు.

పని చేసింది. చేస్తోందో లేదో తెలుసుకోవడానికి వంగి చూడాల్సినంత నిశ్శబ్దంగా చేసింది. తాతయ్య దాన్ని వెనక గదిలోకి మోసుకెళ్లి, ఎవరో పారేస్తే తెచ్చుకున్న పాత చెక్కబల్ల మీద పెట్టి, దాని ముందు కుర్చీలో పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు.

"ఒసేయ్ కోతీ, ఇలా రా. వినిపిస్తోందా?"

"ఏంటి?"

"ఊ... అని. లేస్తుంది, పడుతుంది. అదిగో!"

నేను గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించాను. ఏమీ లేదు. అమ్మమ్మను పిలిచాడు. ఆమె వచ్చి నా పక్కనే నిలబడింది, ఆమెకూ వినిపించలేదు. డబ్బా తలుపు తీసి లోపలికి తల దూర్చాడు. అక్కడ ఏమీ లేదు. కుర్చీలో కూర్చుంటే ఉంది. పెన్సిల్ అడ్డం పెట్టి ఫ్యానును ఆపాడు, అయినా ఉంది. వంటింట్లో ఫ్రిజ్ ఆపేశాడు. మోత పోలేదు గానీ నా ఐస్‌క్రీమ్ పోయింది. చివరికి కంప్యూటరే ఆపేసి కూర్చున్నాడు.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడూ ఉన్నట్టే ఉంది" అన్నాడు మెల్లగా.

ఒకే మోత కోసం అంతసేపు చెవి ఒగ్గిన మనిషికి, మోత ఆగిపోయినా అది బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. ఈ మాట నాకు చెప్పింది తాతయ్యే, మామూలు రోజుల్లో. ఆ రోజు ఆయనకే గుర్తు రాలేదు.

పియానో దగ్గర నిలబెట్టిన మైకుతో ఖాళీ గదిని రికార్డు చేసి, పెద్దగా పెట్టి విన్నాం. ఆయన అన్న మోత అందులో లేదు.

"మైకుకు మొహమాటం లేదు కదా" అన్నాడు. అని హెడ్‌ఫోన్లు తీసి, వైరు చక్కగా చుట్టి, పక్కన పెట్టాడు. ఆ చుట్టడం నాకు నచ్చలేదు. ఆయన ఎప్పుడూ వైర్లు చుట్టడు, విసిరేస్తాడు.

తర్వాత సంగీతం బడి మేడమ్ ఫోన్ చేసింది. పిల్లల కచేరీ ఉంది, హాల్లో పియానో చూడాలి. తాతయ్య ఫోన్‌లో, "ఒంట్లో బాగోలేదమ్మా. ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాడు. ఆ బడి పియానోను ఇంకొకళ్లు ముట్టుకుంటే ఊరంతా వినేలా అరిచే మనిషి. ఫోన్ పెట్టేసి, తోలుసంచి తీసుకెళ్లి బీరువా మీద, అందనంత లోపలికి నెట్టేశాడు.

"చెవుల డాక్టరు దగ్గరకు వెళ్దాం పదండి" అని అమ్మమ్మ చెవినిల్లు కట్టుకుని పోరింది.

"వెళ్దాంలే. వచ్చే వారం."

"ఈ వారానికేమైంది?"

"ఈ వారం తెలుసుకోబుద్ధి కావడం లేదు."

ఆయన కుడిచెవి వైపు మాట్లాడితే ఒకలా, ఎడమచెవి వైపు మాట్లాడితే ఒకలా చూడటం మొదలుపెట్టాడు, తనను తాను పరీక్షించుకుంటూ. నేను కావాలని ఆయన పక్కనే తిరుగుతూ, పరమ దరిద్రంగా, ఏ స్వరానికీ చెందకుండా ఈల వేశాను. మామూలుగా అయితే చెప్పు ఎగిరొచ్చేది. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయాడు. చెప్పు రాకపోయేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అమ్మమ్మ ఇక ఊరుకోలేదు. సాయంత్రం నన్ను వెంటేసుకుని వెనక గదిలోకి వచ్చింది. తాతయ్య పియానో మూత మూసి, చేతులు దాని మీద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కంప్యూటర్ ఊరికే వెలుగుతోంది. అమ్మమ్మ ఆయన కుర్చీలో చతికిలబడి, మోచెయ్యి చెక్కబల్ల మీద ఆనించి, గడ్డం అరచేతిలో పెట్టుకుంది. ఆ భంగిమ మా ఇంట్లో అందరికీ తెలుసు. సమాధానం వచ్చేదాకా లేవదని అర్థం.

"చెప్పండి. ఎన్నాళ్లిలా?"

తాతయ్య పియానో మూత మీద లేని దుమ్ము తుడిచాడు.

"నేను గోడతో మాట్లాడుతున్నానా? ఆ పిల్ల మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో. మీరేమో..." అని ఆగింది. గడ్డం ఎత్తింది. మళ్లీ అరచేతిలో పెట్టింది. మళ్లీ ఎత్తింది.

"ఏవండీ, ఈ బల్ల ఎందుకు గురక పెడుతోంది?"

"ఏంటీ?"

"గురక. నా దవడలోకి వస్తోంది. వస్తోంది, పోతోంది."

తాతయ్య లేచిన తీరుకు పియానో స్టూలు వెనక్కి పడింది. వచ్చి, చెంప బల్లకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. నేను అటువైపు నుంచి నా చెవి పెట్టాను. ఆ చెక్క లోపల, ఎక్కడో అడుగున, ఊ... అని లేచింది. మెల్లగా పడింది. మళ్లీ లేచింది. పైకి చూస్తే ఒక బల్ల, దాని మీద మూడు తలకాయలు.

"ఉంది కదూ?" అన్నాడు తాతయ్య.

"ఉంది తాతయ్యా."

"లేస్తోంది, పడుతోంది కదూ?"

"అవును, ఉయ్యాలలా."

ఆయన అలాగే, చెంప బల్లకు ఆనించే, నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే డబ్బా తలుపు తీసి, అన్నీ ఆపి, ఒక తిరిగే డిస్కు వైరు పీకి, నాచేత మళ్లీ మీట నొక్కించాడు. ఊగడం పోయింది, చదునైన సన్నటి మోత మిగిలింది. రెండోదీ పీకేశాడు. బల్ల నోరు మూసుకుంది.

"కవలలు కావాలని నేనే ఏరి తెచ్చాను! రెండూ ఒకే స్వరం పలకాలని చూస్తున్నాయి, కుదరక కొట్టుకుంటున్నాయి. డబ్బాలో వాటి గొంతు వినపడదు. ఈ చెక్కకు తగిలాకే పెద్దదవుతోంది, పియానోలో తీగకు మోత పెంచే చెక్కపలక ఉన్నట్టు. కుర్చీలో కూర్చున్నవాడికే తెలుస్తుంది. మైకు అక్కడెక్కడో ఉంది, దానికేం తెలుసు!"

"అంటే," అంది అమ్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "జబ్బు బల్లకి చేస్తే మంచం మీరెక్కారా?"

తాతయ్య ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. కళ్లు తుడుచుకుని, "దవడ దవడే!" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో అమ్మమ్మకు అంత పెద్ద పొగడ్త దక్కడం నేను చూడలేదు.

"కాఫీ తాగుతారా?" అని ఆమె మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు కావలసిన దానికన్నా ఎక్కువ చప్పుడు చేశాయి.

డిస్కులు డబ్బాకు తగలకుండా గాల్లో వేలాడదీస్తే చాలన్నాడు తాతయ్య. దానికి సాగే పట్టీ కావాలి. నా కొత్త నైట్ ప్యాంటు నడుము పట్టీ సరిగ్గా సరిపోయింది. నన్ను అడిగి తీశాడని చెప్పను. ఇప్పుడా కవలలు రెండూ డబ్బాలో చెరో ఊయలలో పడుకుని తిరుగుతున్నాయి. నేను ప్యాంటు చేత్తో పట్టుకుని తిరుగుతున్నాను. బల్ల మీద ఎవరు గడ్డం పెట్టినా ఏమీ రాదు. అమ్మమ్మ పనిగట్టుకుని రోజూ వచ్చి పెట్టి చూస్తుంది.

బీరువా మీది సంచి దింపడానికి నన్నే స్టూలెక్కించాడు. ఆ తర్వాత బడి మేడమ్‌కు ఫోన్ చేశాడు.

"ఒంట్లో బాగైందమ్మా. ఇంకెవరినీ పిలవలేదు కదా?"

అవతల ఆమె నవ్వడం నాకూ వినిపించింది. "ఎవరిని పిలుస్తామండీ? రెండు రోజులు చూసి మేమే మీ ఇంటికి వద్దామనుకున్నాం."

వెళ్లాడు. చీకటి పడే వేళకు తిరిగొచ్చాడు, వీధి చివర నుంచే ఆయన ఈల వినిపించింది. పిల్లలు పియానో చుట్టూ మూగి, పని అయ్యాక వాయించిన వరసను మళ్లీ వాయించమన్నారట. అదే ఇప్పుడు రికార్డు చేస్తానన్నాడు. చొక్కా కూడా మార్చుకోకుండా మైకు సర్ది, మీట నొక్కి, పియానో ముందు కూర్చున్నాడు. వేళ్లు మెట్ల మీద పెట్టి, ఒక్క క్షణం గది నిశ్శబ్దాన్ని విన్నాడు. ఆయన భుజాలు కిందికి దిగడం నేను చూశాను. ఎన్నాళ్లో మోసిన మూట దించినట్టు.

నేను ఆగలేకపోయాను.

"తాతయ్యా, నిజం చెప్పు. చెవులు పోయాయనే అనుకున్నావు కదా? బాగా భయపడ్డావా?"

"భయపడ్డాను. రికార్డవుతోంది, నోరు ముయ్యి."