అమ్మమ్మ ఎక్కించిన టెస్టింగ్ వెర్షన్

ఇంట్లో టీవీ రిమోట్‌కు బ్యాటరీలు తిరగేసి పెట్టే అమ్మమ్మను బ్లడ్ బ్యాంకులో మాత్రం అందరూ మిషనమ్మ అంటారు. ఏ సంచిలో ఎవరి రక్తం ఉంది, అది ఏ రోగికి సరిపడుతుందని తేలింది, ఈ లెక్కంతా ఆవిడ చూసే సర్వర్‌లోనే ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఆ చల్లటి గదికి ఆవిడే దిక్కు. సర్వర్ మీద ఆవిడకున్న శ్రద్ధలో సగం మనవల మీద ఉంటే ఇంట్లో ఒక్క తలలోనూ పేలుండేవి కావు.

కొత్త డిస్కులు వచ్చాయి. సర్వర్‌ను నడిపించే పాత వెర్షన్ వాటిని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టే కొత్త వెర్షన్ ఇంకా తయారీలో ఉంది. ముఖ్యమైన పనులకు వాడొద్దని తయారుచేసేవాళ్లే రాసిపెట్టారు.

"రెండు నెలలు ఆగుదాం పిన్నీ," అన్నాడు రక్తం పరీక్షించే టెక్నీషియన్.

"నీ సూదులు నువ్వు చూసుకో నాయనా. నా సంగతి నాకు తెలుసు."

ఎక్కించేసింది. నలభై రోజులు ఏ పేచీ లేకుండా నడిచింది. అమ్మమ్మ ముక్కు కాస్త పైకి లేచింది. రోజూ పొద్దున రాగానే ఆ వెర్షన్‌కు ఆ రోజు వచ్చిన మార్పులు దించుకుని, సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టేది. ముందుగా వేరే మిషన్ మీద పెట్టి చూడటం ఎప్పుడో మానేసింది.

నలభై ఒకటో రోజు సర్వర్ లేవలేదు. ఆ పూట దించుకున్న మార్పుతో అది కొత్త డిస్కులను గుర్తుపట్టడమే మరిచిపోయింది. లెక్కలకు నకలు ఉంది గానీ, దాన్ని తెరవడానికి ఇంకో మిషన్ సిద్ధం చేసేసరికి సాయంత్రమవుతుంది.

పై అంతస్తులో ఒకావిడకు ఆ పొద్దునే ఆపరేషన్, వాయిదా వేయడానికి వీల్లేనిది. దొరకడం కష్టమైన రక్తం ఆవిడది. సంచుల మీద నంబర్లే ఉన్నాయి. సరిపడేవి ఏవో సర్వర్‌కే తెలుసు.

"సరిపడుతుందని రాసి ఉన్నది చూడకుండా సంచి ఇవ్వలేను పిన్నీ. తప్పు రక్తం ఎక్కితే మనిషే పోతుంది," అన్నాడు టెక్నీషియన్. "మళ్లీ మొదటినుంచీ పరీక్షించాలి. మూడు గంటలు."

పెద్ద డాక్టర్ దిగి వచ్చాడు. "పొద్దున ఓసారి కరెంటు పోయింది కదమ్మా. దాని దెబ్బేనా?"

ఊ అంటే సరిపోయేది. టెక్నీషియన్ సంచుల మీంచి తలెత్తలేదు.

"కరెంటు కాదు సార్. పూర్తిగా తయారవని వెర్షన్ పెట్టింది నేనే. ఇతను వద్దన్నాడు కూడా."

"మరెందుకు పెట్టారు?"

"నాకన్నీ తెలుసనుకున్నాను."

డాక్టర్ గోడ గడియారం చూశాడు. "పేషెంటు భర్తకు ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను."

అతను వరండాలో బల్ల మీద, భార్య కళ్లజోడు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. అమ్మమ్మ నిలబడే చెప్పింది.

"మిషన్ పాడైందా?"

"నేను పాడు చేశానన్నయ్యా."

"ఈ మూడు గంటల్లో ఆవిడకేమన్నా అయితే?"

అతను కళ్లజోడు జేబులో పెట్టుకున్నాడు. "వెళ్లి పని చూడండి. ఇక్కడ నిలబడితే ఏమొస్తుంది?"

వెళ్లింది. టెక్నీషియన్ ఒక్కో ఫలితం చెబుతుంటే కాగితం మీద రాసి, రాసింది తిరిగి చదివి వినిపించింది. ఒంటిగంటకు మూడు సంచులు పైకి వెళ్లాయి.

పై అంతస్తులో ఆవిడ బతికింది. ఆ కబురు వచ్చేటప్పటికి అమ్మమ్మ వేరే మిషన్‌కు పాత డిస్కులు బిగించి, పాత వెర్షనే ఎక్కిస్తోంది. విని తలూపింది, చేతిలో పని ఆపలేదు. తర్వాత ఆ పేషెంటు భర్త మెట్ల దగ్గర రెండుసార్లు ఎదురుపడ్డాడు. పలకరించలేదు. అమ్మమ్మ రెండుసార్లూ పక్కకు జరిగి దారిచ్చింది.