మా అత్త గోడ మీద రాసిన రోజులు

మా అత్త పోయిందన్న కబురు నాకు హిందూపురం సంతలో తెలిసింది. చెల్లెలి పురుడికని పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఆ పూట చింతపండు కొందామని సంతకు వెళ్ళాను. మేముండే ధర్మవరం నుంచి వచ్చి రైలు దిగిన మా వీధి నేతగాడొకాయన నన్ను చూసి, భుజం మీది చీరల మూట కిందికి దించాడు.

"అమ్మా, మీ అత్త పోయినాదమ్మా. తెల్లారి లేపుదామని చూస్తే లేదు. బాధేమీ పడలేదు. నువ్వు బిర్నా, ఈ రైలుకే పోవల్ల" అన్నాడు.

నేను ఏడవలేదు. "నిన్న సాయంత్రం దీపం పెట్టిందా?" అని అడిగాను.

"పెట్టినాదమ్మా. నేను ఆడే ఉంటిని. నన్ను గూడా అడిగె" అన్నాడు ఆయన.

ఆ మాటతో నాకు సగం ప్రాణం కుదుటపడింది. ఎందుకు కుదుటపడిందో మీకు చెప్పాలంటే ఆవిడ గురించి కొంచెం చెప్పాలి. ఆమె మా నాయనకు అక్క. పెళ్ళయ్యాక నాకు అత్తగారు కూడా అయింది. అంటే రెండు వైపుల నుంచీ నన్ను తిట్టడానికి హక్కున్న మనిషి. ఆ హక్కును ఆమె ఏనాడూ వృథా పోనివ్వలేదు.

నేను ధర్మవరం కాపురానికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఉన్నది అత్త, మా ఆయన, ఒక పట్టు మగ్గం. మామ అప్పటికే పోయాడు. వచ్చిన రోజు సాయంత్రం అత్త దీపం పెట్టి, మగ్గం మీద ఒక కనకాంబరం పువ్వు ఉంచి, మా ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది. భజన చేయిస్తుందేమో అనుకున్నాను. అదేమీ కాదు. కొడుకు వైపు తిరిగి, "ఈ పొద్దు ఏం బాగుండె?" అని అడిగింది. ఆయన తడుముకోకుండా, "పోగు ఒక్కటి గూడా తెగలేదు" అన్నాడు. అత్త వేపపుల్ల చివర నమిలి చేసుకున్న కుంచెను జాజులో ముంచింది. జాజు అంటే ఎర్రమన్నే, గడపలకు పూస్తామే, అది. మగ్గం ఎదుటి సున్నపు గోడ మీద చిన్న గడి గీసి, అందులో నిలువుగా గీతలు పెట్టింది. అవి తెగని పోగులన్నమాట. తర్వాత నా వైపు తిరిగింది.

పుట్టిల్లు వదిలి వచ్చిన దుఃఖంలో ఉన్నాను. "ఏమీ లేదు" అన్నాను, మూతి ముడుచుకుని.

నన్ను బతిమాలుతుందనుకున్నాను. ఆమె నా పేరున ఒక గడి గీసి, ఖాళీగా వదిలేసి, లేచి పోయి సంగటి కలుపుకుంది. ఆ ఖాళీ గడి మరునాడంతా నన్ను చూస్తూనే ఉంది. సాయంత్రం మళ్ళీ అడిగినప్పుడు, "నువ్వు నన్ను బాగా చూసుకున్నావత్తా" అన్నాను, మంచి కోడలు అనిపించుకుందామని.

"ఇది చెల్లదు. ఇంగోటి చెప్పు" అంది.

చివరికి సంగటి మెత్తగా ఉందన్నాను. అది నిజం. గుండ్రంగా ఒక ముద్ద గీసింది. అత్తకు అక్షరం రాదు కానీ బొమ్మలు మాత్రం వస్తాయనుకునేరు, అవీ రావు. ఆమె ఆవును గీస్తే పీటలా ఉండేది, పిల్లిని గీసినా పీటలాగే ఉండేది, కాకపోతే చిన్న పీట. నేను నవ్వితే, "సదువుకున్నావు గదా, కింద అక్షరం రాయి, తెలియనోళ్ళు సదువుకుంటారు" అనేది. అట్లా నాకు ఆ ఇంట్లో ఉద్యోగం దొరికింది. గడి కింద సన్నని అక్షరాలతో ఒక్క ముక్క రాసేదాన్ని: ముద్ద, వాన, చుట్టం, కోలుకున్న మేక.

ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళకూ ఒక గడి. పక్కింటావిడతో పొద్దున బావి దగ్గర పెద్ద జగడం చేసి, సాయంత్రం "దాని చేతి మజ్జిగ మటుకు కమ్మగుండాదమ్మీ" అంటూ ముంత గీసిన రోజు కూడా ఉంది. మజ్జిగ తాగినందుకు జగడం మాత్రం ఆపలేదు.

"మంచివే గీస్తావు, కష్టాలు గీయవెందుకత్తా?" అని ఒకసారి అడిగాను.

"కష్టాలు ఆయప్పకు తెలిసినవే గదా" అంది, దీపం వైపు చూపించి. ఆయప్ప అంటే దేవుడు. "మంచి పంపిచ్చినోనికి అది చేరిందా లేదా అని దిగులుంటాది. చేరిందప్పా అని చెప్పొద్దా?"

నేను అంత భక్తురాలిని కాను. పూజలంటే నాకు కాళ్ళు లాగేవి. కానీ అందిందని చెప్పడం మర్యాద అన్న మాట నా మనసుకు పట్టింది. అంతకు మించిన వేదాంతం ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఉగాది ముందు ఆ గోడకంతా ఆమే సున్నం కొట్టేసేది. మొదటి ఏడాది నాకు ఏడుపొచ్చింది. "సమ్మచ్చరమంతా పోయిందే!" అంటే, "చెప్పేది చెప్పినాము గదా. దాపెట్టుకునేదానికి ఇవేమన్నా వడ్లా?" అంది. సున్నం ఆరగానే, తెల్లటి గోడ బాగుందని అదే మొదటి గడిలో గీసుకుంది. తెల్లగోడను ఎట్లా గీస్తుందో అని చూశాను. ఖాళీ గడి గీసి, నా చేత కింద "సున్నం" అని రాయించింది.

యుద్ధం రోజులు వచ్చాయి. పట్టంతా విమానాల్లోంచి దూకే సిపాయిల గాలిగొడుగులకు పోతోందని చెప్పుకునేవారు. కారణమేదైనా మా వీధికి పట్టు రావడం తగ్గి, చివరికి ఆగింది. మగ్గం మీద పడుగు లేదు. పడుగు లేని మగ్గం వట్టి కట్టెలే కదా. మా ఆయన పొద్దున్నే లేచి అలవాటుగా మగ్గం కింది గుంటలోకి దిగి, కాళ్ళు పెట్టుకుని కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయేవాడు. అది చూడటం కంటే ఆయన తిట్టినా బాగుండుననిపించేది.

అత్త మాత్రం రోజూ అడగడం మానలేదు. ఒక సాయంత్రం ఆయన విరుచుకుపడ్డాడు.

"ఏం బాగుండాదని చెప్పమంటావు? మగ్గం బోడిగుండాది, కనపడలేదా నీకు?"

"కనపడతాండాది నాయనా" అంది అత్త. గడి గీసి ఖాళీగా వదిలింది. మరునాడూ అంతే, ఆ తర్వాతా అంతే. మా గడుల్లో ఏవో పీటలు, ముంతలు పడుతూనే ఉన్నాయి. ఆయన వరుస మాత్రం కిటికీల వరుసలా ఖాళీగా సాగింది.

నాకు భయం వేసింది. "నువ్వే ఏదో ఒకటి గీసేయరాదా అత్తా? ఆయన చూడబోతాడా?" అన్నాను.

"వాని దినం వానిదమ్మీ. నేను రాస్తే దొంగరాత అయితాది. ఆయప్పేమన్నా గుడ్డోడా?"

చివరికి మా ఆయన మగ్గం మాను, అంటే దాని దూలం, అమ్మేసి బెంగళూరు మిల్లుకు పోతానన్నాడు. అదే జరిగితే ఆయన అక్కడ, నేను హిందూపురంలో, అత్త ఒక్కతే ఈ ఇంట్లో. ఆ వయసులో ఊరు మారనని ఆమె ఖచ్చితంగా చెప్పేసింది. "నువ్వు పో నాయనా, నేను అడ్డం రాను" అంది కొడుకుతో. అడ్డమొస్తే బాగుండునని నేను మనసులో వంద దేవుళ్ళకు మొక్కుకున్నాను, అంతవరకూ మొక్కని దాన్ని.

మాను కొనడానికి రొద్దం నుంచి ఒక రైతు వచ్చాడు. మంచి మనిషే. బట్ట చుట్టే దూలాన్ని చేత్తో తడిమి, గోటితో గీకి, "ఏం మానప్పా ఇది! పెనుకొండ కొండంతా తిరిగినా ఇట్లాంటిది దొరకదు. దీంతో కాడి చేపిస్తే నా మనమల కాలం దాకా ఉంటాది" అన్నాడు. బేరం మాట అయిపోయింది. వెన్నెల్లో బండి కట్టుకుని పోదామని సాయంత్రం దాకా ఉన్నాడు. అత్త అతనికి సంగటి పెట్టి, చారు పోసి, రెండోసారి కూడా పెట్టింది. అక్కడ మా ఆయన గుంటలో దిగి మగ్గం తాళ్ళు ఒక్కొక్కటీ విప్పుతున్నాడు.

పొద్దు గుంకింది. అత్త దీపం పెట్టింది. చుట్టం కూడా మనిషే కదా, రైతునూ అడిగింది.

"ఈ పొద్దు ఏం బాగుండెనప్పా నీకు?"

అతను మొహమాటపడి, తర్వాత మురిసిపోతూ చెప్పాడు. "ఇంగేముందక్కా, మంచి మాను దొరికె. కాడి విరిగి సేద్యం నిలిచిపోయి ఉండె నాకు."

అత్త కుంచె తీసుకుంది. గడి గీసింది. రెండు పీటలు గీసి, వాటి మెడల మీద అడ్డంగా ఒక గీత, నిదానంగా, ఎంతో శ్రద్ధగా గీసింది. ఆ గీతను రెండోసారి దిద్దింది కూడా.

"ఏందక్కా ఇది, పీటలా?" అన్నాడు రైతు.

"ఎద్దులప్పా. మీద ఉండేది కాడి. మా మగ్గం మాను" అంది అత్త.

ఆమె గొంతులో దెప్పడం లేదు. అతనికి మంచి జరిగింది, అది చేరిందని చెప్తోంది, అంతే. గుంటలో తాళ్ళ చప్పుడు ఆగిపోయింది. రైతు గోడ వైపు చూశాడు. అతని గడి పక్కనే మా ఆయన ఖాళీ గడులు వరుసగా ఉన్నాయి. అవి ఎవరివని అడిగాడు. నేను చెప్పాను. అతను లేచి మగ్గం దగ్గరికి వెళ్ళి, మళ్ళీ దూలాన్ని తడిమాడు.

"ఏమప్పా, ఇప్పుడు చూస్తే ఇది కాడికి అక్కరకు రాదులే. బరువెక్కువ. ఎద్దుల మెడ పుండైతాది" అన్నాడు మా ఆయనతో.

పచ్చి అబద్ధం. అబద్ధం చెల్లదని కొత్త కోడలికే చెప్పిన మనిషి మా అత్త. ఆమె ఆ మాటను అట్లాగే పోనిచ్చింది. నాకు తెలిసి ఆమె ఒప్పుకున్న అబద్ధం అదొక్కటే.

"అట్లయితే నీ గడి చెరిపేయాల్నా?" అని మాత్రం అడిగింది.

"వద్దక్కా. నీ చేతి సంగటి తింటిని. ఈ గడి దాని లెక్కన పెట్టుకో."

బండి వెళ్ళిపోయింది. మా ఆయన గుంటలోంచి లేవలేదు. కాసేపటికి తాళ్ళు బిగించే చప్పుడు వినిపించింది. అన్నీ బిగించాక, తల ఎత్తకుండానే, "తాళ్ళు మళ్ళా బిగిచ్చినా" అన్నాడు.

"అది పని. బాగుండిందా?" అంది అత్త.

ఆయన బిగించిన తాడునే ఇంకోసారి లాగి చూశాడు. "బాగుండింది" అన్నాడు. అత్త గీస్తుంటే నేను ఆ గడి కింద ఏమి రాయాలో తోచక, చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

పట్టు మళ్ళీ వచ్చేదాకా ముతక నూలు దొరికినప్పుడల్లా తువ్వాళ్ళు, కూలి ఆడవాళ్ళ చీరలు నేశాము. తిన్నాము, ఒక్కోసారి పస్తున్నాము. ముగ్గురం ఒక్కచోటనే ఉన్నాము. యుద్ధం అయిపోయింది, జరీ అంచులు మళ్ళీ మా మగ్గం మీదికి వచ్చాయి. ఆ రోజుల గురించి అత్త ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. గోడకు సున్నం కొట్టేసింది.

ఆమె పోయిన రోజు హిందూపురం నుంచి రైలెక్కినప్పుడు కూర్చోవడానికి చోటు లేదు. పెనుకొండలో ఎక్కిన ఒక ముసలామె నా మొహం చూసి, తన కోసం ఎవరో ఇచ్చిన చోటులోనే సగం నాకిచ్చి, ఏమీ అడగకుండా నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. ధర్మవరం దాకా అట్లాగే వచ్చాను.

కర్మ అయ్యేదాకా మగ్గం ఆడించకూడదు. కర్మ అయిన మరునాడు మా ఆయన గుంటలోకి దిగుతుండగా వాకిట్లో బండి ఆగింది. రొద్దం రైతు, తల బాగా నెరిసిపోయింది, భుజాన శెనక్కాయల సంచి. "అక్క యాడ?" అన్నాడు. అతనికి కబురు తెలియదు. నేను చెప్పాను.

అతను సంచి దించి లోపలికి వచ్చాడు. మగ్గం మీద పెళ్ళి చీర సగం నేసి ఉంది. దూలం మీద చుట్టిన పట్టు పక్కన, కొస దగ్గర, కొంచెం మాను పైకి కనిపిస్తోంది. దాని మీద అరచెయ్యి ఆనించాడు. "ఎంత నున్నగయింది" అన్నాడు. మా ఆయన పోగు వేసే నాడె చేతిలో పట్టుకుని గుంటలో కూర్చుని ఉన్నాడు. మాను మీది నుంచి ఆ రైతు చెయ్యి దానంతట అది లేచేదాకా పోగు వేయలేదు.